ముసలయ్య ఎంచిన తుపాకీ

ఉంగుటూరు నుంచి కొల్లేటి లంకల దాకా ఎవరినడిగినా ముసలయ్య గురించి ఒకటే మాట చెబుతారు. ఎగిరే బాతుని ఒక్క గుండుతో దోనెలోకి దింపిన మనిషి అని. చెప్పేవాడిని బట్టి ఆ బాతు ఒకటి నుంచి ఏడు దాకా పెరుగుతుంది. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ బస్సెక్కి వచ్చి, ఉంగుటూరులో సత్తిరాజు గారి చేపల మేత గోడౌన్‌లో గుమాస్తాగిరీ వెలగబెడుతున్నవాణ్ణి. పేరు విశ్వనాథ్. మా ఇంట్లో మూడు తరాలుగా దర్భలు తప్ప మరో ఆయుధం పట్టినవాళ్ళు లేరు. అందుకని తుపాకుల గురించి ఎవరేం చెప్పినా నమ్మేస్తాను. ముసలయ్యనీ అలాగే నమ్మాను.

అసలు సంగతి ఆయనే ఒక మధ్యాహ్నం తవుడు బస్తా మీద కూర్చుని చెప్పాడు. అప్పటికే ఆయన మనవరాలి కోసం ఏలూరు వెళ్ళి తుపాకీ కొనేశాం. ముందే చెప్పి ఉంటే అక్కడ నేను కాస్త నోరు విప్పేవాణ్ణి.

వేటకి ఇంకా అడ్డు లేని రోజుల్లో, చలికాలం వస్తే చాలు, పట్నాల నుంచి పెద్దమనుషులు కొల్లేటికి బాతుల వేటకి దిగేవాళ్ళట. కాంట్రాక్టర్లు, మిల్లుల యజమానులు, వాళ్ళ బావమరుదులు. వాళ్ళకి తుపాకీ ఉండేది, టోపీ ఉండేది, ఫ్లాస్కు నిండా కాఫీ ఉండేది. గురి ఒక్కటే ఉండేది కాదు. ఆ లోటు తీర్చడం ముసలయ్య ఉద్యోగం. తెల్లవారకముందే వలేసి బాతుల్ని పట్టి, మెడలు విరిచి, తుంగ దుబ్బుల్లో అక్కడక్కడా దాచేవాడు. దోనెని ఆ దుబ్బుల పక్కకే నడిపేవాడు. పెద్దమనిషి తుపాకీ పేల్చగానే నీళ్ళలోకి దూకి, మునిగి, చేతిలో బాతుతో లేచేవాడు. “తగిలిందండి బాబూ!” అని అరిచేవాడు.

“ప్రతి గుండుకీ బాతు తేకూడదు పంతులు గారూ, అనుమానం వచ్చేస్తది. మూడింటికొకటి చాలు. బావమరిది కంటే బావకి ఒకటెక్కువ పడాల,” అని ఆ విద్యలో మెళకువలు కూడా చెప్పాడు.

ఒకాయన బాతుని చేతిలోకి తీసుకుని, ఇంత చల్లగా ఉందేమిట్రా అన్నాడట. “నీళ్ళు చల్లగా ఉన్నాయండి బాబూ,” అన్నాడట ముసలయ్య. ఆయన తల పంకించి, ఆ బాతుతోనే ఫొటో దిగాడట.

“మరి నువ్వెప్పుడూ కాల్చలేదా?” అని అడిగాను.

“తుపాకులు మోశానండి,” అని బీడీ వెలిగించుకోబోయి, మేత గోడౌన్ అని గుర్తొచ్చి, మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

వేట ఆగిపోయాక చేపలు పట్టే వెదురు మావులు అల్లుకుని బతికాడు. ఆ తర్వాత చెరువులు వచ్చాయి. చెరువుల గట్లకి పందికొక్కులు వచ్చాయి. ముసలయ్య మావులు వదిలి ఎలుక బుట్టలు అల్లడం మొదలుపెట్టాడు. వెదురు బుట్ట, లోపల ఎర, దారంతో ఒక ఉచ్చు, వంచి కట్టిన వెదురు బద్ద. ఎరని లాగగానే బద్ద లేచి ఉచ్చు బిగుస్తుంది. చప్పుడుండదు, రక్తముండదు. ఇన్నేళ్ళుగా ఆయన చేస్తున్నది ఈ పని. జనం చెప్పుకునేది మాత్రం ఆ బాతు గురించే.

మౌనిక ఆయన కొడుకు కూతురు. ఇరవై రెండేళ్ళుంటాయి. మనిషి పొట్టి, మాట సూటి. డిగ్రీ అయ్యాక ఏలూరులో ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీలో చేరింది. రెండేళ్ళ పాటు వాళ్ళు గోడౌన్లకీ మిల్లులకీ మగపిల్లల్ని పంపి, మౌనికని మాత్రం ఇళ్ళల్లో బొద్దింకలకి పంపారు. ఒకరోజు ఆ అమ్మాయి బూట్లు, మాస్కు వాళ్ళ బల్ల మీద పెట్టేసి వచ్చేసింది. సొంతంగా కార్డులు వేయించుకుంది. ‘మౌనిక పెస్ట్ కంట్రోల్, గోడౌన్లకు ప్రత్యేకం’ అని. ఆ కార్డు పట్టుకుని మొట్టమొదట మా గుమ్మమే ఎక్కింది.

మాకు అప్పుడు నిజంగానే అవసరం పడింది. ఎలుకలు బస్తాలు కొరికేస్తున్నాయి. విషం పెడదామంటే, అందులో ఒక్క ముక్క మేతలో కలిసినా చెరువుకి చెరువే తెల్లారేసరికి తేలిపోతుంది. మౌనిక అంతా తిరిగి చూసి, “మా తాత బుట్టలు పెడితే నెల రోజుల్లో సగం తగ్గుతాయండీ,” అంది.

సత్తిరాజు గారు ఆ మాటకి నొచ్చుకున్నారు. ఆరడుగుల మనిషి, మీసం మీద శ్రద్ధ, ఫొటోల మీద అంతకంటే శ్రద్ధ. “బుట్టలేంటమ్మా? మేత కంపెనీల వాళ్ళు గోడౌన్ చూడ్డానికొస్తారు. మూలమూలకీ బుట్టలుంటే మనల్నేమనుకుంటారు? మోడరన్‌గా ఏదైనా చెప్పు,” అని, ఫోన్ తీసి ఒక వీడియో చూపించారు. ఏ దేశమో తెలీదు, ఒకాయన ధాన్యం కొట్టులో ఎయిర్ రైఫిల్‌తో టప్ టప్‌మని ఎలుకల్ని కొడుతున్నాడు. ఆ వీడియో ఆయన అప్పటికే చాలామందికి చూపించారు.

“అలా చేస్తావా? రెండు వారాలు టైమిస్తాను. శనివారం నా ముందు చేసి చూపించాలి. నచ్చితే మూడు గోడౌన్లూ ఏడాది పాటు నీకే. లేదంటే ఏలూరు కంపెనీ వాళ్ళు కొటేషన్ పంపారు,” అన్నారు.

ఏలూరు కంపెనీ అంటే మౌనిక బూట్లు వదిలేసి వచ్చిన కంపెనీయే. ఆ అమ్మాయి మొహం చూశాను. “చేస్తానండీ,” అంది. తుపాకీని దగ్గరనుంచి కూడా చూసిన మనిషి కాదు. కానీ ఇంట్లో తాత ఉన్నాడు కదా అన్న ధైర్యం. ఆ ధైర్యం నాకూ ఉండేది.

“రేకులకి చిల్లులు పడనిది కొనాలి, మీరు కూడా వెళ్ళి చూడండి విశ్వనాథ్ గారూ,” అని సత్తిరాజు గారు నన్ను తోడు పంపారు. అలా మేం ముగ్గురం ఏలూరు బస్సెక్కాం. భీమడోలు దాటాక ముసలయ్య నా వైపు వంగి, “పంతులు గారూ, సత్తిరాజు గారు మీ కంటే ఎంత పొడుగుంటారండీ?” అని అడిగాడు. జానెడు ఉంటారేమో అన్నాను. తన జాన గాల్లో చాపి ఏదో కొలుచుకున్నాడు. వయసు మీద పడుతోంది పాపం అనుకున్నాను.

పవర్‌పేటలో హేమంత్‌కుమార్ గారిది ఆటవస్తువుల కొట్టు. ముందు క్రికెట్ బ్యాట్లు, క్యారమ్ బోర్డులు. వెనక అద్దాల బీరువాలో ఎయిర్ రైఫిళ్ళు. మంచి మనిషి. లైసెన్సు అక్కర్లేని రకాలే అమ్ముతానని ముందే చెప్పి, మౌనిక ఆధార్ జిరాక్సు తీసుకున్నాడు. తర్వాత ఒక సన్నపాటి తుపాకీ తీసి, దాని వెనక చెక్కని ఆ అమ్మాయి మోచేతి మడతలో ఆనించి, వేలు ట్రిగ్గర్ దాకా వస్తోందో లేదో చూశాడు. సరిగ్గా వచ్చింది.

“ఇది మీకు కుట్టించినట్టుందండీ. రెండున్నర కిలోలు. గుండు పెట్టాలంటే ప్రతిసారీ గొట్టం వంచాలి, దీనికి పెద్ద బలం అక్కర్లేదు. పైగా రేకుల షెడ్డు అంటున్నారు, మరీ జోరుగా కొట్టేది పనికిరాదు, గుండు తగిలి తిరిగొస్తుంది. మొదటి తుపాకీ ఎప్పుడూ మనిషికి సరిపోయేదే కొనుక్కోవాలండీ,” అన్నాడు.

మౌనిక దాన్ని భుజానికి ఎత్తి, ఒక కన్ను మూసి, గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది. మళ్ళీ దించబుద్ధి కాలేదు ఆ అమ్మాయికి. డబ్బు కూడా తనదే, రెండేళ్ళ బొద్దింకల డబ్బు.

అంతలో ముసలయ్య బీరువా చివర ఉన్నదాన్ని చూశాడు. చారలు చారలుగా మెరిసే ఎర్ర చెక్క, పొడుగాటి నల్ల గొట్టం, తోలు పట్టీ. అచ్చం సత్తిరాజు గారి వీడియోలో దానిలా ఉంది. గురి చూసే ముక్క ఎలా ఉందో, గొట్టం ఎలా వంగుతుందో ఆయన చూడలేదు. పట్టీ పట్టుకుని భుజానికి తగిలించుకుని, కొట్లో ఆ చివర నుంచి ఈ చివరకి రెండుసార్లు నడిచాడు. తర్వాత దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“భుజానికి ఎత్తండి పంతులు గారూ. కాస్త మడమలు లేపండి. ఇంకాస్త. ఆఁ, అలా.” రెండడుగులు వెనక్కి వేసి నన్ను తలకట్టు నుంచి చెప్పుల దాకా చూశాడు. “ఇదేనమ్మా,” అన్నాడు.

“తాతా, నాలుగు కిలోలుంది. నా వేలు ట్రిగ్గర్‌కి అందట్లేదు,” అంది మౌనిక.

“అలవాటవుద్దమ్మా.”

హేమంత్‌కుమార్ గారు గౌరవంగా అడిగాడు. “పెద్దాయన పాతకాలం షికారీలా ఉన్నారు. తమరు ఏ తుపాకీ వాడేవారండీ?”

“అన్నీ మోశానండి,” అన్నాడు ముసలయ్య. అది వినయమనుకుని హేమంత్‌కుమార్ గారు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టినంత పని చేశాను. మౌనిక సన్న తుపాకీని ఇంకోసారి చూసి, పెద్దదానికి డబ్బు కట్టింది. ఊరంతా గొప్పవాడనే తాతని కాదనడం ఎలా? మొదటి తుపాకీ ఎలా ఎంచుకోకూడదో ఆ రోజు నేను మొదటినుంచి చివరిదాకా చూశాను. అప్పుడు మాత్రం, అనుభవమంటే ఇదీ అనుకున్నాను.

ఆ తర్వాత పది రోజులు ఆ అమ్మాయి పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. రోజూ సాయంత్రం ముఠా కూలీలు వెళ్ళిపోయాక గోడౌన్ వెనక ఖాళీ బస్తాకి బొగ్గుతో చుక్క పెట్టి కొట్టేది. గొట్టం వంచడానికి చేతుల బలం చాలక మోకాలు ఆనించేది. మోకాలు కమిలింది. భుజం కమిలింది. వేలు అందడం కోసం చెక్క చివర రంపంతో కోసేస్తానంటే ముసలయ్య అడ్డంపడ్డాడు, “చెక్క మీద చెయ్యెయ్యకమ్మా, అందం పోద్ది,” అని. చివరికి ఆ అమ్మాయే దారి కనిపెట్టింది. బరువైన గొట్టాన్ని మేత బస్తాల మీద ఆనించి, తను పక్కకి ఒదిగి, మెడ ముందుకి చాచి కొట్టడం మొదలుపెట్టింది. రెండో గురువారం నాటికి పదిహేను అడుగుల దూరంలో సోడా మూత పెడితే లేపేస్తోంది. పదికి పది. నేను లెక్కపెట్టాను. కన్నకూతురు ఫస్టుక్లాసులో పాసైనంత సంతోషం కలిగింది నాకు.

ముసలయ్యకి మాత్రం సంతోషం కలగలేదు. మూత లేచినప్పుడల్లా ఆయన మొహం వాడిపోయేది. “బాగానే కొడతన్నాదండి,” అన్నాడు నాతో, జ్వరం వచ్చింది అని చెప్పినట్టు. శుక్రవారం పొద్దున్నే ఎనిమిది ఎలుక బుట్టలు తెచ్చి, సత్తిరాజు గారికి చెప్పవద్దని నన్ను బతిమాలి, బస్తాల వెనక అమర్చాడు.

“ఎందుకు ముసలయ్యా, మౌనిక ఉందిగా?” అన్నాను.

“ఎందుకైనా మంచిదండి.”

శనివారం సాయంత్రం ఐదున్నరకి సత్తిరాజు గారు దిగారు. వెంట డ్రైవరు రూబెన్, వీడియో తీయడానికి. షట్టర్లు సగం దించి అందరం చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాం. కాసేపటికి అడ్డదూలం మీద ఒక ఎలుక బయల్దేరింది. మౌనిక బస్తా మీద గొట్టం ఆనించి, ఊపిరి బిగబట్టి కొట్టింది. అది కిందపడ్డాక కదల్లేదు. ఐదు నిమిషాలకి ఇంకొకటి గోడ వెంట పరిగెత్తింది. పరిగెత్తేదాన్ని కొట్టింది. నేను ఉండబట్టలేక చప్పట్లు కొట్టాను.

నా చప్పట్లు తప్ప ఇంకేమీ వినబడలేదు. సత్తిరాజు గారు మీసం సవరించుకున్నారు.

“బానే ఉంది. కానీ చాలా తేలిగ్గా అయిపోతోందే? చిన్నపిల్ల కొట్టేస్తోంది. దీనికి ఏడాది కాంట్రాక్టెందుకండీ? తుపాకీ ఒకటి కొని పడేస్తే మన రూబెన్ కూడా కొడతాడు,” అన్నారు నాతో.

మౌనిక అలాగే నిలబడిపోయింది. బాగా చేస్తే పని దక్కుతుందని పాపం ఆ అమ్మాయికి ఎవరో చెప్పారు, బహుశా స్కూల్లో. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనాలని లేచాను కూడా. నాకు జీతమిచ్చేది ఎవరో గుర్తొచ్చి, ఫ్యాను స్విచ్చి వేయడానికి లేచినట్టు స్విచ్చి వేసి కూర్చున్నాను.

అప్పుడు ముసలయ్య ముందుకొచ్చాడు. తుండుగుడ్డ భుజం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. “బాబుగారూ, నాదో చిన్న కోరికండి. పెద్ద పెద్దోళ్ళ చేతుల్లో తుపాకీ చూసిన కళ్ళండి ఇయ్యి. తమరోసారి పట్టుకుంటే చూడాలనుందండి.”

“నేనా? భలేవాడివే,” అంటూనే సత్తిరాజు గారు చెయ్యి చాపారు. ముసలయ్య మౌనిక చేతిలోంచి తుపాకీ తీసుకుని, గుండు పెట్టి, గొట్టం బిగించి అందించాడు. ఎర్ర చెక్క ఆయన భుజంలో కుదురుగా కూర్చుంది. వేలు ట్రిగ్గర్ మీద సరిగ్గా పడింది. ఆ ఆరడుగుల మనిషికి ఆ తుపాకీ ఎంత నప్పిందంటే, రూబెన్ ఎవరూ చెప్పకుండానే వీడియో మొదలుపెట్టాడు. ఏలూరులో నేను మడమలు ఎందుకు లేపానో నాకు అప్పుడు అర్థమైంది.

మొదటి గుండు రేకుకి తగిలి టంగుమంది. రెండోది ఎటు పోయిందో దేవుడికి తెలుసు. మూడోది పేలగానే ముసలయ్య, డెబ్భై ఆరేళ్ళ మనిషి, బస్తాల వెనక్కి దూకాడు. లేచేసరికి చేతిలో తోక పట్టుకుని వేలాడుతున్న పందికొక్కు ఉంది. మౌనిక కొట్టిన రెండూ కలిపినా దానంత ఉండవు.

“తగిలిందండి బాబూ!”

“రక్తం లేదేంటి?” అన్నాడు రూబెన్.

“ఒక్క దెబ్బకే పేణం పోయిందండి. ఇంక రక్తం ఎక్కడుంటది?”

ఆరో గుండుకి ఇంకొకటి తగిలింది. అంతటితో ఆపాడు ముసలయ్య. సత్తిరాజు గారు రెంటినీ పక్కపక్కన పడుకోబెట్టించి, తుపాకీతో ఫొటో దిగారు. చెమట తుడుచుకుంటూ, “ఇది అందరూ అనుకునేంత తేలిక కాదండీ. చూపుండాలి, నిదానముండాలి. రోజూ చూసుకునే మనుషులు కావాలి,” అని నాకు ఉపదేశించి, అక్కడికక్కడే కాగితాల మీద సంతకం పెట్టారు. మూడు గోడౌన్లు, ఏడాది. షరతు ఒకటే. ప్రతి శనివారం ఆయన వస్తారు, తుపాకీ తుడిచి సిద్ధంగా ఉంచాలి.

కారు వెళ్ళిపోయాక మౌనిక బస్తాల వెనక్కి వెళ్ళి చూసింది. రెండు బుట్టలు ఖాళీగా ఉన్నాయి. బయటికొచ్చి తాత ఎదురుగా నేల మీద కూర్చుంది.

“బస్సులో ఆయన పొడుగు అడిగింది ఇందుకేనా?”

“మరి? నీకు సరిపోయేది కొంటే ఆయన చేతిలో బొమ్మలా ఉండేదమ్మా.”

“నేను కొట్టాను తాతా. రెండిటికి రెండూ కొట్టాను.”

“చూశానమ్మా.” ముసలయ్య ఖాళీ బుట్టకి ఉచ్చు మళ్ళీ కడుతున్నాడు. తల ఎత్తలేదు. “నేనూ ఓసారి కొట్టాను. ఒకాయన మూడు గుళ్ళు గాల్లోకి పేల్చి, నాలుగోది నింపమని నా చేతికిచ్చాడు. నెత్తి మీంచి జంట బాతులు పోతన్నాయి. ఏమైందో నాకే తెల్దు, ఎత్తి కొట్టేశాను. ఒకటొచ్చి దోనెలో ఆయన కాళ్ళ కాడే పడింది. నవ్వాడు. భుజం తట్టాడు. కాఫీ కూడా పోశాడు. ఆ తర్వాత మూడేళ్ళు నన్నెవరూ వేటకి పిలవలేదమ్మా. ఆ మూడేళ్ళూ మీ నానమ్మ పైడమ్మ చేపల గంప నెత్తినెట్టుకుని కైకలూరంతా తిరిగింది.”

అయితే ఊరు చెప్పుకునే బాతు నిజమే. ఒక్కటే, కానీ నిజం.

“నాకు కొట్టడం ఇష్టం తాతా,” అంది మౌనిక. ఏడుపు లేదు, కోపమూ లేదు ఆ గొంతులో.

“తెలుసమ్మా. నాకూ ఇష్టమే ఉండేది,” అన్నాడు ముసలయ్య.

ఇది జరిగి నాలుగు నెలలైంది. మూడు గోడౌన్లలోనూ ఎలుకలు బాగా తగ్గాయి. బుట్టలు పగలు ఎవరికీ కనబడవు. శనివారం శనివారం సత్తిరాజు గారికి రెండో మూడో పందికొక్కులు తగులుతాయి. వాళ్ళ బావమరిది వచ్చిన వారం ఆయనకొకటి, ఈయనకి రెండు తగిలాయి. తాడేపల్లిగూడెంలో మిల్లుల వాళ్ళంతా ఆ వీడియోలు చూసి, ఇద్దరు మౌనికకి ఫోన్ చేశారు కూడా. తుపాకీ పొడుగు సరిపోతుందో లేదో చూడ్డానికి ముసలయ్య ముందు వెళ్ళి వాళ్ళని చూసొచ్చాడు.

సత్తిరాజు గారు పెద్ద మనసున్నవారు. తన వంతు అయ్యాక ప్రతిసారీ తుపాకీ మౌనికకిచ్చి, “ఏదీ, నేను చెప్పింది ఎంతవరకు వంటబట్టిందో చూద్దాం,” అంటారు. “అలాగేనండీ,” అంటుంది మౌనిక. ఎలుక కనబడుతుంది. ఆ అమ్మాయి బస్తా మీద గొట్టం ఆనించి, మెడ చాచి, ఊపిరి బిగబట్టి కొడుతుంది. ఎలుక పారిపోతుంది. “ఫర్వాలేదమ్మా, మొదట్లో నాకూ తప్పేవి,” అని ఆయన ఊరడిస్తారు.

మొన్న స్టాకు చూసుకుంటూ గోడౌన్ మధ్యలో ఉన్న చెక్క స్తంభం దగ్గర ఆగాను. మౌనిక శనివారాలు కొట్టే గుళ్ళన్నీ అటే పోతాయి. నాలుగు నెలలంటే పదహారు పదిహేడు గుళ్ళు. చిల్లులెన్నో లెక్కపెడదామని కళ్ళజోడు పెట్టుకుని స్తంభం చుట్టూ తిరిగి చూశాను. నా కళ్ళ ఎత్తులో, శనగగింజంత, ఒక్కటే చిల్లుంది.